నలుగురి సాక్ష్యం

తెలుగువారు లోకాన్ని 'నలుగురు' అంటారు. నలుగురిలో తలెత్తుకొని తిరగడం, నలుగురి నోట పడడం, నలుగురు నడిచిన దారిన నడవడం: ఈ మాటలలో నాలుగన్న లెక్కను ఎవరూ పట్టించుకోరు. హిందీలోను 'చార్ లోగ్' అంటే ఈ లోకమే. ఇంకొకరు చేరితే 'పంచ్' అవుతుంది. పంచ్ నోట పరమేశ్వరుడు పలుకుతాడని ఉత్తరాది పల్లెల విశ్వాసం. ప్రేమ్‌చంద్ ఆ పేరుతోనే ఒక కథ వ్రాసినారు. కాని ఆ ఐదుగురే 1860 నాటి భారత శిక్షాస్మృతి కంటబడి, వారి ఉద్దేశం మంచిది కాదని తోచినట్లయితే, 141వ సెక్షను ప్రకారం 'చట్టవిరుద్ధమైన సమావేశం' అయిపోయేవారు. 2024లో ఆ స్మృతి పోయి కొత్త సంహిత అమలులోనికి వచ్చినది గాని, ఐదన్న సంఖ్య అలాగే ఉన్నది.

దారిన పోతూ ఆగి నిలబడిన కొద్దిమందిని ఏ పేరుతో పిలవాలన్న ప్రశ్న పండితుల వినోదం వలె కనిపించవచ్చును. 2021 ఏప్రిల్ 19వ తేదీ సోమవారం నాడు అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో అది వినోదం కాలేదు. జార్జి ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని హత్య చేసినాడన్న అభియోగంపై డెరెక్ షోవిన్ అనే తెల్లజాతి పోలీసు అధికారిని విచారిస్తున్న కోర్టులో ఆనాడు తుదివాదాలు జరిగినవి. ఉదయం మొదలుకొని సాయంకాలం వరకు ముగ్గురు న్యాయవాదులు మాట్లాడినారు. లోకం టెలివిజనులో విన్నది. మిన్నెసోటా రాష్ట్రంలో ఒక క్రిమినల్ విచారణను ఆద్యంతం ప్రసారం చేయడం అదే మొదటిసారి. అంటువ్యాధి రోజులు కావడం చేత కోర్టుగదిలో ఫ్లాయిడ్ కుటుంబానికి ఒక కుర్చీ, షోవిన్ కుటుంబానికి ఒక కుర్చీ మాత్రమే వేసినారు. మిగిలినవారందరూ వెలుపలివారే.

జరిగిన సంగతి తెలిసినదే. 2020 మే 25 సాయంకాలం ముప్పై ఎనిమిదవ వీధి, షికాగో అవెన్యూ కలిసే కూడలిలోని ఒక దుకాణంలో ఫ్లాయిడ్ ఇచ్చిన ఇరవై డాలర్ల నోటు దొంగనోటని అనుమానించి పోలీసులను పిలిపించినారు. వచ్చినవారు అతని చేతులకు వెనుకవైపు సంకెళ్లు వేసి నేలమీద బోర్లా పడవేసినారు. షోవిన్ అతని మెడపై మోకాలు పెట్టి 9 నిమిషాల 29 సెకండ్లు తీయలేదు. ఊపిరి ఆడడం లేదని మొదట ఫ్లాయిడే చెప్పినాడు. పిదప అతడు చెప్పలేని స్థితికి వచ్చినపుడు ఫుట్‌పాత్ మీది జనం చెప్పినారు. పదిహేడేండ్ల బాలిక ఒకతె తన ఫోనులో ఆ దృశ్యాన్ని బంధించినది. ఆ చిత్రమే లేకపోతే ఏప్రిల్ 19 అనే రోజు కోర్టులో వచ్చి ఉండేది కాదు.

ఆ ఫుట్‌పాత్ మీద నిలబడినవారెవరు? ఆనాడు పని లేక వాహ్యాళికి వచ్చిన అగ్నిమాపక దళ ఉద్యోగిని ఒకామె. ప్రథమచికిత్స నేర్చినది కనుక, నాడి చూడమని పదేపదే అడిగినది, తాను చూస్తానన్నది, దగ్గరకు రానీయలేదు. మల్లయుద్ధ విద్య నేర్చినవాడొకడు, మెడ పట్టు ఎక్కడ బిగిస్తే రక్తం ఆగుతుందో తెలిసినవాడు. అరవై దాటిన పెద్దమనిషి ఒకరు, 'నీవు వారితో గెలవలేవు, చెప్పినట్లు కారెక్కు' అని ఫ్లాయిడ్‌కు మొదటనే మంచిమాట చెప్పినాడు. ఆ నోటు పుచ్చుకొన్న పందొమ్మిదేండ్ల గుమాస్తా. ఫోను పట్టుకొన్న బాలిక. ఆమె వెంట వచ్చిన తొమ్మిదేండ్ల చెల్లెలు వరుస పిల్ల. ఆ పిల్ల తొడుక్కొన్న చొక్కా మీద ప్రేమ అన్న మాట అచ్చువేసి ఉన్నది. ఒకరితో ఒకరికి పరిచయం లేదు. ఎవరి పనిమీద వారు పోతున్నవారే.

విచారణలో ప్రాసిక్యూషన్‌వారు వీరిని మానవత్వపు పూలగుత్తి అన్నారు. ప్రతివాది న్యాయవాది ఎరిక్ నెల్సన్ దృష్టిలో వీరు పెరుగుతున్న గుంపు. కోపంతో ఊగిపోతున్న గుంపు వైపు ఒక కన్ను వేసి ఉంచవలసి రావడం చేత, తన చేతికిందనున్న మనిషిపై షోవిన్ పూర్తిగా మనసు పెట్టలేకపోయినాడని ఆయన వాదం. ఈ మాటలు తుదివాదానికి వచ్చేసరికి పుట్టినవి కావు. సాక్షులను ప్రశ్నించిననాడే ఆయన పునాది వేసుకొన్నారు. 'మీకు కోపం వచ్చినది కదా' అని మల్లయుద్ధం నేర్చిన మనిషిని అడిగినారు. తనను కోపిష్ఠిగా చిత్రించడం కుదరదనీ, తాను అదుపులోనే ఉన్నాననీ అతడు జవాబిచ్చినాడు. ఆ రోజున పోలీసుల మీద పోలీసులకే ఫోను చేసినానని చెప్పినదీ అతడే. అగ్నిమాపక ఉద్యోగినిని అలాగే అడిగితే, ఎవరినైనా చంపుతుండగా మీరెప్పుడైనా చూచినారేమో తెలియదు గాని, అది మనసు కలతపెట్టే విషయమే అన్నది. జడ్జీ పీటర్ కేహిల్ ఆమెను మందలించినారు. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పవలెనన్న కోర్టు మర్యాదకు అది భంగమే. అయినా ఆనాటినుండి ఆ మాట జనం నోటినుండి పోలేదు.

తుదివాదాల నాటికి నగరం ఏ స్థితిలో ఉన్నదో కూడ చెప్పవలె. కోర్టుగది పద్దెనిమిదవ అంతస్తులో ఉన్నది. భవనం చుట్టూ కాంక్రీటు దిమ్మెలు, ఇనుప కంచె, దానిపై ముళ్లతీగ. వీధులలో నేషనల్ గార్డు సైనికులు. దుకాణాల అద్దాలకు చెక్కబల్లలు బిగించినారు. పైగా విచారణ సాగుతుండగానే ఏప్రిల్ 11న పొరుగున ఉన్న బ్రుక్లిన్ సెంటరులో దాంటె రైట్ అనే ఇరవై ఏండ్ల నల్లజాతి యువకుడు పోలీసు అధికారిణి తుపాకీకి బలి అయినాడు. విద్యుదాఘాతపు పరికరం అనుకొని తుపాకీ తీసిందని పోలీసులు చెప్పినారు. ఒక చావుకు వాదాలు ముగియకముందే మరొక చావు. తీర్పు ఎటు పోయినా వీధిలో ఏమవుతుందో అని పాలకులు భయపడినారు. ఫుట్‌పాత్ మీది పూలగుత్తిని గుంపన్నది నెల్సన్ ఒక్కరే కాదు. ఆ ముళ్లతీగ కూడ ఆ మాటే అంటున్నది.

జనానికి ఉన్న భయం వేరు. చూచినది చాలదేమో అన్నది ఆ భయం. 1991లో లాస్ ఏంజిలిస్‌లో రాడ్నీ కింగ్‌ను పోలీసులు లాఠీలతో కొట్టడం ఒక పౌరుని వీడియో కెమెరాకు చిక్కినది. దేశమంతా చూచినది. అయినా కోర్టులో ప్రతివాద న్యాయవాదులు ఆ చిత్రాన్ని ముక్కముక్కగా ఆపి ఆపి చూపి, ప్రతి దెబ్బకు ఒక కారణం అల్లినారు. 1992 ఏప్రిల్ 29న జ్యూరీ ఒక్క అభియోగంపై ఏకాభిప్రాయానికి రాలేక, మిగిలిన అన్నింటిలోను విడుదల చేసినది. తరువాతి అల్లర్లలో యాభైమందికి పైగా చనిపోయినారు. అంత దూరం పోనక్కరలేదు. మిన్నెసోటాలోనే 2016 జూలైలో ఫిలాండో కాస్టిల్ అనే బడి వంటశాల ఉద్యోగిని కారులో కూర్చొని ఉండగా పోలీసు కాల్చినాడు. పక్కనున్న స్త్రీ ఆ వెంటనే ఫోనులో లోకానికి చూపినది. 2017 జూన్ 16న జ్యూరీ ఆ పోలీసును నిర్దోషి అన్నది. ఈ రెండు తీర్పులు గుర్తున్నవారు తుదివాదాలను వాదాలుగా వినలేదు. వైద్యుడు గదిలోనుండి బయటకు వచ్చేటపుడు చుట్టాలు ఆయన ముఖం చూచినట్లు విన్నారు.

మొదట మాట్లాడినది ప్రాసిక్యూటరు స్టీవ్ ష్లైకర్. ఆయన చట్టంతో మొదలుపెట్టలేదు. ఫ్లాయిడ్ పుట్టుకతో, అతని తల్లితో మొదలుపెట్టినారు. సాక్ష్యం ముందు ఒక మనిషిని నిలబెట్టినారు. ఇది పోలీసులకు వ్యతిరేకమైన కేసు కాదని, పోలీసు వృత్తిని నిలబెట్టే కేసు అని అన్నారు. నగర పోలీసు అధిపతి మెడేరియా అరడొండో స్వయంగా వచ్చి షోవిన్ చేసినది తమ శిక్షణకు, తమ విలువలకు విరుద్ధమని సాక్ష్యం ఇచ్చి ఉన్నారు కనుక ఆ మాటకు బలం ఉన్నది. మీ కళ్లను మీరు నమ్మండి అన్నది ఆయన వాదానికి పల్లవి. అది పోలీసు పని కాదు, హత్య అని ముగించినారు. మరునాటి పత్రికలలో ఈ రెండు వాక్యాలే శీర్షికలైనవి. కాని అంతకన్న మంచి ఘట్టం మరొకటి ఉన్నది. దానిని పత్రికలు అంతగా పట్టించుకోలేదు. ఫుట్‌పాత్ మీదివారు ఏమీ చేయలేకపోయినారు, వారి చేత అయినదల్లా చూడడం, గుర్తుంచుకోవడం, చిత్రించడం. వాటిని పోగుచేసుకొని ఈ గదికి తెచ్చి, తమవలెనే యాదృచ్ఛికంగా ఎంపికైన మీ చేతిలో పెట్టినారని ఆయన జ్యూరీతో అన్నారు. ఆ ఫుట్‌పాత్ మీదివారినీ ఈ పన్నెండుమందినీ విధి ఒకే తీరున ఏరినదని అర్థం. ఆ క్షణంలో గుంపు అన్న మాటకు చోటు లేకపోయినది.

నెల్సన్ మూడు గంటలకు కొంచెం తక్కువగా మాట్లాడినారు. మధ్యలో జడ్జీ ఆపి జ్యూరీకి భోజన విరామం ఇవ్వవలసి వచ్చినది. నేరనిరూపణకు అవసరమైన అంశాలను వివరించడానికి ఆయన బిస్కట్ల తయారీని ఉపమానం చేసినారు. దినుసులలో ఒకటి లోపించినా వంటకం కాదన్నారు. చట్టం విషయంలో అది సరియైన మాట. మనిషి చావును గురించి మాట్లాడే చోట వంటింటి ఉపమానం మాత్రం విన్నవారిలో చాలామందికి రుచించలేదు. వెంటనే ఎగతాళి పుట్టినది. దానితోపాటు ఆయన చెప్పిన గట్టి సంగతులను కూడ జనం వినకుండా పోయినారు. అది ఆయనకు జరిగిన అన్యాయమే. ప్రాసిక్యూషన్ పక్షాన న్యాయవాదులు పలువురు ఉన్నారు. కోర్టులో వాదించే భారమంతా ఈయన ఒక్కరి మీద ఉన్నది. ముద్దాయి ఎంత అప్రియుడైనా అతని పక్షాన చెప్పవలసినదంతా చెప్పేవాడు ఒకడు ఉంటేనే ఆ గదికి కోర్టు అన్న పేరు. పోలీసు బలప్రయోగాన్ని ఆ స్థలంలో, ఆ సమయంలో ఉన్న వివేకియైన అధికారి దృష్టితో తూచవలెనని 1989లో అమెరికా సుప్రీంకోర్టు నిర్ణయించినది. కనుక తొమ్మిదిన్నర నిమిషాలకు ముందున్న పదిహేడు నిమిషాలనూ చూడమని అడగడం ఆయన హక్కు. ఫ్లాయిడ్ రక్తంలోని మాదకద్రవ్యాలు, గుండెజబ్బు, కారు గొట్టం నుండి వచ్చే పొగ: వీటిలో ఏదైనా కారణం కావచ్చునని సందేహం కలిగించడమూ ఆయన పనే.

గుంపు వాదం మాత్రం ఆయన చేతిలోనే విరిగినది. ఒకే ఘడియలో మూడు సంగతులు జరిగినవన్నారు: ఫ్లాయిడ్ కడపటి శ్వాస తీయడం, జనం కోపాన్ని చూచి షోవిన్ మిరియపు మందు డబ్బా బయటకు తీయడం, అగ్నిమాపక ఉద్యోగిని వెనుకనుండి రావడం. ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూపినారు. టెలివిజను ముందు కూర్చున్నవారికి అందులో కనిపించినది ఆయన ఉద్దేశించిన చిత్రం కాదు. ఆమె నాడి చూడమనే కదా వచ్చినది! జనం కేకలలో ఉన్నది బెదిరింపేనా? అతడు కదలడం లేదు, ఊపిరి తీయడం లేదు, నాడి చూడండి: ఆ కేకలలో బూతు కూడ ఉన్నది, నిజమే, కాని ఆ సమయంలో ఆ వీధిలో సరియైన వైద్య సమాచారం ఉన్నది ఆ కేకలలోనే. పోలీసు ధ్యానాన్ని చెదరగొట్టినదని నిందపడిన ఆ శబ్దాన్ని విని ఉంటే ముద్దాయి కూడ ఆ కుర్చీలో కూర్చొని ఉండేవాడు కాడు.

చివర జవాబు చెప్పినది జెరీ బ్లాక్‌వెల్. నలభై ఐదుగురు సాక్షులను విన్నారు, నలభై ఆరవ సాక్షి ఒకరున్నారు, ఇక్కడికి రాకముందే మీతో ఉన్నారని జ్యూరీకి చెప్పినారు. ఆ సాక్షి పేరు ఇంగ్లీషులో కామన్ సెన్స్. ఆనాటి వాదాలను తెలుగులోనికి తేబూనినవారికి చాలా మాటలు అడ్డుపడతాయి. సహేతుకమైన సందేహం అంటే కోర్టు గుమాస్తా మాట; హిందీలో 'యుక్తియుక్త్ సందేహ్' మరీ బరువు. కాని ఈ సాక్షి పేరు తెలుగులో మూలం కన్న బాగుంటుంది. ఇంగితజ్ఞానం. ఇంగితమంటే మనసులోని దానిని, ఒంటిలోని దానిని బయటపెట్టే చేష్ట, గుర్తు. నోరు చెప్పని దానిని ఒడలు చెప్పగా చదవడం ఇంగితం తెలియడం. ఫ్లాయిడ్ మాట ఆగిపోయిన తరువాత అతని ఒంటిని చదివినవారు ఫుట్‌పాత్ మీదివారే. చదవవలసినవారు మూడడుగుల దూరంలో కూడ లేరు, పైననే ఉన్నారు. ఇది తొమ్మిదేండ్ల పిల్లకు తెలిసినంత తేలికైన సంగతి అని బ్లాక్‌వెల్ అన్నారు. అతని మీదినుండి లేవండి అని ఆ పిల్లకు తోచినది కదా అన్నారు.

ఫ్లాయిడ్ గుండె పెద్దది కావడం చేత చనిపోయినాడని మీకు చెప్పినారు, షోవిన్ గుండె చిన్నది కావడం చేత అతడు చనిపోయినాడన్నది నిజం: ఇవి జ్యూరీ విన్న చివరి మాటలు. ఆ వాక్యాన్ని ఆ రాత్రి ఎందరో ఒకరికొకరు పంపుకొన్నారు. సభారంజకమైన వాక్యమే. అయితే వైద్యులు గుండెను గురించి, ఊపిరితిత్తులను గురించి ఓర్పుగా చెప్పిన సాక్ష్యం చివర శ్లేషతో ముగియడం కొంచెం తక్కువదనిపించును. తొమ్మిదేండ్ల పిల్ల మాట దగ్గర ఆపినా సరిపోయేది.

జ్యూరీ లోపలికి వెళ్లిన తరువాత మరొక ఘట్టం జరిగినది. విచారణ రద్దు చేయవలెనని నెల్సన్ కోరినారు. రెండు రోజుల ముందు కాంగ్రెసు సభ్యురాలు మాక్సిన్ వాటర్స్ బ్రుక్లిన్ సెంటరుకు వచ్చి, దోషి అన్న తీర్పు రాకపోతే వీధులలోనే ఉండవలెనని, ఇంకా గట్టిగా ఎదిరించవలెనని అన్నారు. జడ్జీ రద్దుకు ఒప్పుకోలేదు. కాని ఆ మాటల వల్ల అప్పీలులో ఈ విచారణ మొత్తం కొట్టుకొనిపోయే అవకాశం ఆమె మీకు ఇచ్చి ఉండవచ్చునని నెల్సన్‌తో అన్నారు. పదవులలో ఉన్నవారు నడుస్తున్న కేసును గురించి మాట్లాడడం అసహ్యకరమన్నారు. ఆయన కోపంలో తప్పు లేదు. కంచె బయటి శబ్దం పద్దెనిమిదవ అంతస్తుకు చేరితే తీర్పు తీర్పు కాదు. తీర్పు కోసం ప్రాణాలు ఉగ్గబట్టుకొన్న కుటుంబానికే ఆ మాటలు ఎక్కువ కీడు చేయగలవు. మరునాడు అధ్యక్షుడు బైడెన్ కూడ ఊరుకోలేదు. సరియైన తీర్పు రావాలని ప్రార్థిస్తున్నానన్నారు. జ్యూరీని అప్పటికే వేరుగా ఉంచినారు కనుక అనవచ్చునని ఆయన సమర్థించుకొన్నారు.

ఈ చిక్కు భారతదేశానికి కొత్తది కాదు. 1959లో బొంబాయిలో నానావతి కేసు జ్యూరీ ఎనిమిదిమంది ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా నిర్దోషి అన్నప్పుడు, పత్రికల హోరు ఆ గదిలోనికి చొరబడినదని పలువురు తలచినారు. హైకోర్టు ఆ నిర్ణయాన్ని త్రోసిపుచ్చినది. క్రమంగా జ్యూరీ పద్ధతే ఈ దేశంలో అంతరించినది. నలుగురి మాట వినడం ప్రమాదమని చట్టం తేల్చుకొన్నది. అందువల్లనే ఇక్కడ లాకప్పు చావుల కేసులలో తుదివాదాలు వాయిదాలమీద వాయిదాలుగా, ఖాళీ బెంచీల ముందు సాగుతాయి. మినియాపొలిస్‌లో ఆనాడు కనిపించిన ఉద్వేగానికి ఇక్కడ తావే లేదు. అది మేలా, కీడా అన్నది వేరు చర్చ. ఖాళీ బెంచీల ముందు కూర్చున్న మృతుని తల్లిని అడిగి తెలుసుకోవలసిన చర్చ.

ఆ సాయంకాలం పన్నెండుమంది ఆలోచనకు కూర్చున్నారు. రాష్ట్రంలోని బడిపిల్లలు ఆనాడు తరగతులు విడిచి బయటకు వచ్చినారు. పొద్దుగూకే వేళకు వందలకొద్ది జనం కోర్టు భవనం చుట్టూ ఊరేగింపుగా నడిచినారు. కంచెకు అటు సైనికులు, ఇటు వీరు. మరునాడు, ఏప్రిల్ 20 మధ్యాహ్నం, జ్యూరీ తేల్చినదని కబురు వచ్చినది. ఆలోచించినది సుమారు పది గంటలు. నాలుగు దాటిన తరువాత జడ్జీ తీర్పు చదువుతుంటే కంచె బయట ఒక్కొక్క ఫోను చుట్టూ నలుగురేసి తలలు చేర్చి విన్నారు. మూడు అభియోగాలు, మూడింటికీ దోషి. కార్ల హారన్లు మ్రోగినవి, కొందరు ఏడ్చినారు. లోపల షోవిన్ చేతులకు సంకెళ్లు వేసి పక్కతలుపు గుండా తీసుకొనిపోయినారు. జూన్ 25న 22 ఏండ్ల 6 నెలల శిక్ష పడినది. జడ్జీ శంకించిన అప్పీలు వచ్చినది గాని నిలువలేదు. 2023 ఏప్రిల్‌లో రాష్ట్ర అప్పీళ్ల కోర్టు శిక్షను స్థిరపరచినది.

తీర్పు వచ్చిన రాత్రి జనం ఒక పాత కాగితాన్ని వెదకి తీసి మళ్లీ చదువుకొన్నారు. ఫ్లాయిడ్ చనిపోయిన రాత్రి నగర పోలీసు శాఖ పత్రికలకు ఇచ్చిన ప్రకటన అది. పోలీసులతో వ్యవహారం జరుగుతుండగా వైద్యసంబంధమైన సంఘటన వల్ల ఒక మనిషి మరణించినాడని దాని శీర్షిక. సంకెళ్లు వేసిన తరువాత అతడు అస్వస్థుడుగా ఉన్నట్లు అధికారులు గమనించినారట, అంబులెన్సును పిలిచినారట. ఎవరూ ఏ ఆయుధమూ వాడలేదట. అందులో మోకాలు లేదు. ఫుట్‌పాత్ మీద ఎవరూ లేరు.